బూట్ల ముడి విప్పినంత సేపు

ఇన్నేళ్ళుగా నా గుండె మీద ఉన్న బరువు ఒక మాట. "అవునండి" అన్న మాట. రోజుకు ఎన్నిసార్లు అంటామో లెక్క కూడా ఉండని మాట. ఒకసారి అనకూడని చోట అన్నాను. అప్పటి నుంచి నేను మోకరించిన ప్రతిసారీ అది కూడా నా పక్కన మోకరిస్తోంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయడం లేదు. అదీ పిరికితనమే. తెలుసు.

ఒప్పుకోలు అంటే విరిగిన మనసుతో, కన్నీళ్ళతో చెయ్యాలని సండేస్కూల్ నాటి నుంచి నేర్చుకున్నాను. నాకు కన్నీళ్ళు రావడం లేదు. కోపం వస్తోంది. కిందటి నెల మా తెలుగు క్రైస్తవ ఫెలోషిప్ సొంత భవనం ప్రతిష్ఠ జరిగింది. భోజనాల దగ్గర ఎవరో మళ్ళీ ఆ కథ ఎత్తారు. "బూట్లు విప్పి మరీ వైన్ కొట్టిన అయ్యగారు గుర్తున్నారా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆ అయ్యగారి కూతురు కరుణ అక్కడే ఉంది, చేతిలో కేక్ ప్లేటుతో. ప్లేటు కింద పెట్టి, కోటు తీసుకుని, ఎవరితోనూ చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆమె తండ్రి కిందటేడే ప్రభువు దగ్గరికి వెళ్ళారు. అది ఆ నవ్విన వాళ్ళందరికీ తెలుసు.

నేనూ నవ్వాను. అందరికంటే ముందు నవ్వాను.

ఆ కథ ఏమిటో, అందులో ఎవరూ చెప్పని సగం ఏమిటో చెబుతాను.

ఎనభైల మొదట్లో చికాగో చుట్టుపక్కల తెలుగు విశ్వాసుల కుటుంబాలు బాగా తక్కువ. షామ్‌బర్గ్‌కి దగ్గర్లో ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్ అద్దెకు తీసుకుని ఆదివారం మధ్యాహ్నాలు కూడుకునేవాళ్ళం. మాకు పాస్టర్ లేడు. పాటలు మావి, ప్రార్థనలు మావి, రొట్టే ద్రాక్షరసమూ పంచుకునే ప్రభువు బల్ల మాత్రం మాది కాదు. నెలకొకసారి పై అంతస్తులోని అమెరికన్ పాస్టర్ దిగి వచ్చి ఇంగ్లీషులో ఆ బల్ల ఇచ్చి వెళ్ళేవాడు.

అప్పుడు వచ్చారు అయ్యగారు, కూతురి దగ్గరికి. కరుణ మా ఫెలోషిప్‌ మనిషే, హాస్పిటల్లో నర్సు. ఆయన రేపల్లె వైపు పల్లె సంఘాల్లో జీవితమంతా సైకిల్ మీద తిరిగి సేవ చేసి రిటైరైన పాస్టర్. ఆయన మొదటిసారి ఆ బేస్‌మెంట్‌లో రొట్టె విరిచి, మా భాషలో ఆ మాటలు పలికిన రోజు పెద్దపెద్ద డాక్టర్లు చిన్నపిల్లల్లా ఏడ్చారు. ఆయన్ను ఇక్కడే ఉంచుకుందాం, మన పాస్టర్‌గా పిలుచుకుందాం అని కమిటీ అనుకుంది. కరుణ సంతోషం చెప్పలేను. నాన్న తన దగ్గరే ఉంటారు. కాగితాల పని నాకు అప్పగించారు. నేను సెక్రటరీని.

ఆ వేసవిలో ఒక శనివారం అందరం వ్యాన్లలో మిషిగన్ వెళ్ళాం, బ్లూబెర్రీ తోటలకి. కరుణకి హాస్పిటల్ డ్యూటీ. "అన్నయ్యా, నాన్నగారు కొత్తచోటైతే ఎటంటే అటు వెళ్ళిపోతారు. కొంచెం మీరే చూసుకోండి," అని నాకు అప్పగించింది.

దారిలో ఒక వైన్ మ్యూజియం ఉందని నాకు తెలుసు. ఇదివరకు ఆఫీసు వాళ్ళతో వెళ్ళాను. పైన పాతకాలం పనిముట్లు, కింద నేలమాళిగలో పోర్ట్ వైన్ పీపాలు, చివర్లో రుచి చూడటానికి తలా ఒక చిన్న గ్లాసు. పోర్ట్ తియ్యగా ఉంటుంది. తియ్యటి దాన్లో బ్రాందీ కలుపుతారు. ఆ రుచి నా నాలుక మరిచిపోలేదు. మద్యం ముట్టిన వాణ్ణి బల్ల దగ్గరికి రానివ్వని సంఘంలో పుట్టి, బల్లలో కూడా పులియని రసమే తాగి పెరిగిన నేను, ఆ రుచి కోసం వ్యాన్ ఆపాను. "మ్యూజియం ఉందండీ. వాక్యంలో చెప్పిన ద్రాక్ష గానుగ చూపిస్తారు," అన్నాను. వాక్యాన్ని అడ్డం పెట్టుకున్నాను. చూశారా? అబద్ధం మాళిగలో మొదలు కాలేదు. రోడ్డు మీదే మొదలైంది.

మిగతావాళ్ళు పులిహోర డబ్బాలు విప్పుకుని చెట్ల కింద కూర్చున్నారు. అయ్యగారు మాత్రం నా వెంట వచ్చారు.

ఆ గానుగ దగ్గర ఆయన ఎంతసేపు నిలబడ్డారో! పెద్ద చెక్క తొట్టి, పైన మర. ముట్టుకోవద్దని బోర్డు ఉంది. ఆయన ముట్టుకున్నారు. "ఎన్ని ప్రసంగాలు చేశాను నాయనా దీని మీద. ఎట్లా ఉంటుందో ఇప్పుడు చూశాను," అన్నారు. ఒక గోడ మీద పొడవాటి అంగీల్లో సన్యాసుల చిత్రం ఉంది. వీళ్ళెవరని అడిగారు. "పాతకాలం పాదిరీలండి. చర్చి కోసం ద్రాక్షారసం చేసేవాళ్ళు," అన్నాను. ఆ ఒక్కటీ నిజమే చెప్పాను. ఆ నిజం మీదే తర్వాతి అబద్ధం నిలబడింది.

రాతి మెట్లు దిగాం. బయట ఎండ మండుతోంది, లోపల చలి. గోడలకు కొవ్వొత్తుల్లాంటి చిన్న దీపాలు. వరసగా నల్లటి పీపాలు. జనం తమంతట తామే గొంతు తగ్గించారు. చివర ఒక బల్ల, దాని మీద తెల్లటి గుడ్డ. ఆ గుడ్డ మీద ఒక గుండ్రటి పళ్ళెంలో చిన్నచిన్న గ్లాసులు, వాటిలో ముదురెరుపు రసం. పక్కన ప్లేటులో విరిచిన రొట్టె ముక్కలు. నల్లటి పొడుగు ఏప్రన్ వేసుకున్న ముసలి గైడ్ బల్ల వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

మా ఫెలోషిప్‌లో బల్ల పళ్ళెం ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. నాకు కూడా ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది. నిజం చెబుతున్నాను.

అయ్యగారు నా మోచెయ్యి పట్టుకున్నారు.

"నాయనా, ఇది ప్రభువు బల్లేనా?"

కాదండి అనొచ్చు. ఇది సారా అండి, పదండి పైకి, అనొచ్చు. అంటే ఏమవుతుంది? నన్నెందుకు తీసుకొచ్చావు అని అడుగుతారు. నేను గ్లాసు ముట్టకుండా వెనక్కి పోవాలి. ఆ గ్లాసు నాకు అడుగు దూరంలో ఉంది.

"అవునండి అయ్యగారూ."

"మనలాంటి వాళ్ళకి ఇస్తారా?"

"అందరికీ ఇస్తారండి."

ఆయన ముఖం వెలిగిపోయింది. వెంటనే కాళ్ళ వైపు చూసుకున్నారు. మా వైపు బల్ల దగ్గరికి చెప్పులతో వెళ్ళరు. కరుణ ఆయనకు కొత్తగా లేసుల బూట్లు కొనిపెట్టింది. ఆ లేసులు ఆయనకు అలవాటు కాలేదు. వంగబోయి తూలారు. నేనే వంగి విప్పాను.

ఎన్నేళ్ళుగానో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. "అవునండి" అనడం నోరు జారడం అనుకోవచ్చు. కానీ కరుణ జారిపోకుండా గట్టిగా వేసిన ముడులు అవి. ఒకటి విప్పాను. రెండోది చిక్కుపడింది, గోళ్ళతో లాగాను. అంతసేపు నాకు సమయం ఉంది. తలెత్తి కాదండి అంటే చాలు. నేను తల ఎత్తలేదు. ముడి విప్పుతూ నేనేం ఆలోచించానో తెలుసా? త్వరగా కానివ్వాలి, గ్లాసులు అయిపోతాయేమో అని.

అయ్యగారు సాక్స్‌తో ఆ చల్లటి రాతి నేల మీద మోకరించారు. కళ్ళు మూసుకుని ప్రార్థించారు. రొట్టె ముక్క తీసుకున్నారు. రెండు చేతులతో గ్లాసు పట్టుకుని తాగారు. ఒక్కసారి దగ్గు వచ్చింది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఎవరిదో కెమెరా వెలుగు తళుక్కుమంది. ఆ సందట్లో నేను నా గ్లాసు తాగేసి, పీపా పక్కన పెట్టేశాను.

అప్పుడే మా సుశీలమ్మగారు రెస్ట్‌రూమ్ వెతుక్కుంటూ ఆ మెట్లు దిగారు. ఆమె చూసింది ఆయన్ని. ఖాళీ గ్లాసు ఆయన చేతిలో ఉంది. నా చేతుల్లో ఏమీ లేదు.

దారి పొడుగునా ఆయన వ్యాన్‌లో పాడుతూనే ఉన్నారు. సుశీలమ్మగారు ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నారు.

మరుసటి ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంది. మా చైర్మన్ ఒక డాక్టర్‌గారు. ఆయన ఇంటి బేస్‌మెంట్‌లో అమెరికన్ అతిథుల కోసమని తాళం వేసిన అలమర ఉండేది. దాన్లో ఏముందో కమిటీ అందరికీ తెలుసు. ఆ డాక్టర్‌గారే గొంతు సవరించుకుని అడిగారు.

"అయ్యగారూ, మీరు తాగారా లేదా? అవునా కాదా, అంతే."

"తాగాను."

"అది వైన్ అని తెలుసా మీకు?"

అయ్యగారు ఆయన వైపు చూడలేదు. నా వైపు చూశారు. చాలాసేపు చూశారు. ఆ చూపులో మొదట ప్రశ్న ఉంది. తర్వాత లేదు.

"ఇప్పుడు తెలిసింది," అన్నారు.

"ఇప్పుడా! చూశారా, ఎంత బాగా చెబుతున్నారో," అన్నారు సుశీలమ్మగారు. "సెక్రటరీగారూ, మీరు పక్కనే ఉన్నారుగా. ఏం జరిగింది?"

"నేను గైడ్‌తో మాట్లాడుతున్నానండి. గమనించలేదు."

ప్రభువును ఎరగనన్న పేతురు కోడి కూయగానే ఏడ్చాడు. నాకు కోడి కూసిందో లేదో తెలియదు. నేను మాత్రం ఏడవలేదు.

సంఘం సాక్ష్యం చెడిపోతుంది, పేరు పోతుంది అన్నారు. పిల్లలు చూస్తున్నారు అన్నారు. సంఘం ముందు నిలబడి ఒప్పుకునే దాకా ఆయన బల్ల ఇవ్వకూడదు, తీసుకోకూడదు అని తీర్మానించారు. ఆ తీర్మానం చదివి వినిపించింది నేనే. అయ్యగారు ఒక్క మాటే అన్నారు. "ఒప్పుకోవడానికి నా దగ్గర ఏమీ లేదు బాబూ."

ఆ మాటకే వాళ్ళకు ఇంకా మండింది. గర్వం అన్నారు. కానీ నాకు అర్థమైంది. తాగాలని తాగాను అంటే ఆయన అబద్ధమాడినట్టు. నిజం చెబితే నా పేరు చెప్పాలి. ఆ రెండూ ఆయన చెయ్యరు. అందుకని వెనక వరసలో కూర్చున్నారు. నెల తర్వాత నెల. అమెరికన్ పాస్టర్ మళ్ళీ దిగివచ్చి ఇంగ్లీషులో బల్ల ఇచ్చాడు. పళ్ళెం పట్టుకుని వరసల వెంట వెళ్ళేది ఎవరనుకున్నారు? నేనే. వెనక వరస దాకా వెళ్ళేవాణ్ణి. ఆయన ముందు నుంచి పళ్ళెం పక్కవాళ్ళకి దాటించేవాణ్ణి. మొదటి నెల ఆయన చేతులు అలవాటుగా పైకి లేచాయి. ఆయనే దించుకున్నారు. తర్వాత ఇంక లేవలేదు. ఒళ్ళో ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చునేవారు.

పాస్టర్ పిలుపు మాట ఎవరూ ఎత్తలేదు. చలికాలం రాకముందే ఆయన ఇండియా వెళ్ళిపోయారు. ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను, కరుణ అడిగింది కాబట్టి. "మీరు తప్ప మాకెవరున్నారు అన్నయ్యా," అంది. దిగేటప్పుడు అయ్యగారు నా తల మీద చెయ్యి పెట్టారు.

ఆ చెయ్యి మీద నాకు ఇప్పటికీ కోపం. ఎందుకు చెప్పలేదు ఆయన? ఒక్క మాట చెబితే నా పని అయిపోయేది, నాకు ఈ బరువు తప్పేది. నన్ను కాపాడమని నేను అడిగానా? ఇలా అనుకున్న మరుక్షణమే నా మీద నాకు అసహ్యం వేస్తుంది. నేను మోసం చేసిన మనిషి మీదే నేరం మోపుతున్నాను. కమిటీ చేసిన పనే ఇంకా చేస్తున్నాను.

వాళ్ళ మీదా కోపమే. తాళం వేసిన అలమర మీద, ఆ అలమర గురించి తెలిసీ చేతులెత్తి ఓటు వేసిన వాళ్ళ మీద, ఇన్నేళ్ళ తర్వాత చచ్చిపోయిన మనిషిని తలుచుకుని కేక్ తింటూ నవ్విన నోళ్ళ మీద. ఆ కమిటీలో ఒక్కరైనా, ఒక్కరంటే ఒక్కరైనా, బూట్లు విప్పి మోకరించి ఎవరైనా మద్యం తాగుతారా అని ఎందుకు అడగలేదు? ఆయన ఆ మాళిగలో ఏం తీసుకున్నారో దేవుడికి తెలుసు. మేము ఆ బేస్‌మెంట్‌లో ఏం తీసుకున్నామో కూడా ఆయనకు తెలుసు. ఈ రెండింటిలో ఏది బల్లో నేను తేల్చలేను. తేల్చే అర్హత నాకు లేదు. కానీ ఒకటి తెలుసు. అయోగ్యంగా తాగినవాడు ఆ మాళిగలో ఒకడే ఉన్నాడు.

ప్రతిష్ఠ తర్వాత నేను ఇంక పళ్ళెం పట్టనని చెప్పాను. ఏమయిందని అడిగారు. నడుము నొప్పి అన్నాను. చూశారా? ఇప్పటికీ అబద్ధమే ముందు వస్తుంది నా నోటికి.

కరుణకి ఇంకా చెప్పలేదు. ఈ కాగితాలు ముందు ఆమెకే ఇస్తాను. ఆమె చదివాక ఇవి మీ దాకా రానివ్వాలో లేదో ఆమె ఇష్టం. మీరు చదువుతున్నారంటే ఆమె రానిచ్చిందన్నమాట. క్షమించిందని కాదు. క్షమాపణ నేను అడగను. అడిగితే మళ్ళీ ఆ తల మీది చెయ్యి కోసమే అడిగినట్టు.

ఇంతకాలం ఏ ప్రార్థనలోనూ పూర్తిగా పలకని మాటలు ఇక్కడ రాస్తున్నాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.

అయ్యగారు తాగాలని తాగలేదు. ఇది ప్రభువు బల్లేనా అని నన్ను అడిగారు. నేను అవునన్నాను. ఆయన బూట్లు నేనే విప్పాను.