భాగ్యక్క ఒక్క మాట

హైటెక్ సిటీలోని మా టవర్‌లో పనిచేసే వాళ్లందరికీ గిర్రున తిరిగే కుర్చీలున్నాయి. సెక్యూరిటీ వాళ్లం మాత్రం డ్యూటీలో కూర్చోకూడదు. కెమెరాలో కనబడితే ఆ రోజు హాజరు ఎగిరిపోతుంది. అందుకే కంట్రోల్ రూమ్‌లో వాకీటాకీ ఆపరేటర్ పోస్టు ఖాళీ అయిందనగానే ఏడు గేట్లకూ పూనకం వచ్చింది. ఆ పోస్టుకు కుర్చీ ఉంది మరి! నేనూ అర్జీ పెట్టాను, భాగ్యక్కా పెట్టింది.

భాగ్యక్క రెండో గేటు దగ్గర ఆడవాళ్ల బ్యాగులు తనిఖీ చేస్తుంది. లింగంపల్లిలో కిరాయికి ఒక గది, చదువుకునే కూతురు అనూష, అదే ఆమె సంసారం. పదకొండేళ్లుగా గేటు దగ్గర నిలబడే ఉంది. సాయంత్రానికి కాళ్లు బూరెల్లా పొంగుతాయి. అయినా నవ్వుతూనే ఉంటుంది, వాగుతూనే ఉంటుంది. ఎవరో మరిచిపోయిన గొడుగు గురించి వాకీటాకీలో చెప్పమంటే, పొద్దున వాన ఎప్పుడు మొదలైందో అక్కణ్ణుంచి అందుకుంటుంది. మాకున్నది ఒకటే ఛానల్. ఆమె బటన్ వదిలేదాకా మిగతా గేట్లన్నీ నోరు మూసుకోవాలి. షిఫ్ట్ ఇన్‌చార్జి రామచంద్రం సార్ ఒకరోజు తేల్చి చెప్పేశాడు.

"భాగ్యమ్మా, ఒక్క మాటల చెప్పుడు నేర్చుకో. లేకుంటే కంట్రోల్ రూమ్ దిక్కు సూడకు."

ఆ విద్య అనూష పుస్తకంలో దొరికింది. ఆ పిల్ల సర్కారు కొలువు పరీక్షలకు చదువుతోంది. పొడుగాటి ఇంగ్లిష్ వాక్యానికి బదులు వాడే ఒక్కో మాట, అలాంటివి రెండు వందల పైచిలుకు ఉన్నాయి ఆ గైడులో. కూతురు పైకి చదవడం, తల్లి బియ్యం ఏరుతూ అప్పజెప్పడం. ఇక చూడాలి మా అక్క హుషారు!

మందు ముట్టనివాడు టీటోటలర్. అంతా మంచే జరుగుతుందనుకునేవాడు ఆప్టిమిస్ట్. క్యాంటీన్‌లో మూడో ప్లేటు ఇడ్లీ తింటున్న నేను గ్లటన్. అంటే తిండిపోతునట. అర్థం తెలిశాక మూతి ముడుచుకున్నాను కానీ ప్లేటు వదల్లేదు.

"ఏ వెంకట్, ఆ సారును సూడు, తనల తనే మాట్లాడుకుంటున్నడు. గా ముచ్చటను ఏమంటరో ఎరుకేనా? సోలిలొక్వీ!"

"చెవుల ఫోన్ పెట్టుకున్నడు అక్కా."

"పెట్టుకోనీ. నా మాటైతే కరెక్టే కదా!"

మరుసటి వారం, పొద్దున తొమ్మిదిన్నర రద్దీలో వాకీటాకీ గుర్రుమంది. "గేట్ టూ. పెడెస్ట్రియన్!" అంతే, కట్. మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అదేం రోగమో, ఏం ముఠానో! ఇద్దరం లాఠీలతో, ఒకడు స్ట్రెచర్‌తో, ఇంకొకడు మంటలార్పే సిలిండర్‌తో ఉరికాం. తీరా చూస్తే టిఫిన్ డబ్బా పట్టుకుని ఒక పెద్దాయన బిత్తరపోయి నిలబడి ఉన్నాడు. కార్ల కోసం పెట్టిన దారిలో నడుచుకుంటూ వచ్చాడట. నడిచి వచ్చే మనిషిని అలా అంటారట.

రామచంద్రం సార్ తల పట్టుకున్నాడు. "నువ్వు చెప్పింది ఒక్క మాట. అది సమజయ్యేతందుకు పది నిమిషాలు పట్టె!"

నేను పడీపడీ నవ్వాను. అక్క పని అయిపోయిందని లోపల సంబరం కూడా కలిగింది. సిగ్గులేకుండా చెబుతున్నాను.

శుక్రవారం ఇంటర్వ్యూ. టేబుల్ వెనక రామచంద్రం సార్, పుణె నుంచి వచ్చిన మేనేజర్ కూర్చున్నారు. ఎదురుగా, వడపోతలో మిగిలిన మేమిద్దరం నిలబడ్డాం. నేను బట్టీ పట్టిన పది వాక్యాల్లో మూడో దాని దగ్గరే బండి ఆగిపోయింది. తర్వాత మేనేజర్ భాగ్యక్కను తన గురించి ఇంగ్లిష్‌లో చెప్పమన్నాడు. ఆమె గొంతు సవరించుకుంది.

"టీటోటలర్. ఆప్టిమిస్ట్. బ్రెడ్‌విన్నర్."

అంటే ఇల్లు తన సంపాదన మీదే నడుస్తోందని. మేనేజర్ పెన్ను కింద పెట్టాడు. "హస్బెండ్?"

"అబ్‌స్కాండింగ్, సార్."

చెప్పాపెట్టకుండా కొలువు మానేసి మాయమైన సాఫ్ట్‌వేర్ వాళ్లను మా టవర్‌లో అనే మాట అది. మేనేజర్‌కు నవ్వు ఆగలేదు. ఆయన్ను చూసి అక్కా పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కాసేపటికి తేరుకుని, ఈ పోస్టు నీకెందుకు కావాలని అడిగాడాయన.

భాగ్యక్క పెదాలు కదిలాయి. రెండు వందల మాటలూ వెతుక్కుంటోంది పాపం. పదకొండేళ్లు నిలబడ్డ మనిషి కోసం ఆ గైడులో ఒక్క మాటా ఉన్నట్టు లేదు.

"కూసుంట సార్," అంది.

తెలుగు రాని మేనేజర్, అదేమిటన్నట్టు రామచంద్రం సార్ వైపు చూశాడు. సార్ ఇంగ్లిష్‌లో మొదలుపెట్టాడు. గేటు దగ్గర కుర్చీ ఉండదన్నాడు, పదకొండేళ్లన్నాడు, కాళ్ల వాపులన్నాడు. ఎంత చెప్పినా ఇంకా ఏదో మిగిలినట్టే ఉంది ఆయనకు. చెబుతూ చెబుతూ తన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నా కాళ్లూ పీకుతూనే ఉంటాయి కదా, ఆ మాట నాకెందుకు తట్టలేదని కుళ్లుకున్నాను.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి కంట్రోల్ రూమ్ నుంచి భాగ్యక్క గొంతు వినబడింది.

"కూసున్న."

ఏడు గేట్ల నుంచీ ఈలలు. ఛానల్ మొత్తం జామ్. నేనూ బటన్ నొక్కి, నిలబడే, గట్టిగా ఈల వేశాను.