కాళ్లు బారజాపిన అక్షరం

ఇంతవరకూ ఎవరితోనూ అనని మాట ఒకటుంది. నాకు ఒక అక్షరమంటే అసహ్యం. అక్షరమంటే 'క'నో 'మ'నో కాదు, ఒక ఫాంటు. మొన్న కొత్తపేట సెంటర్లో కొత్తగా తెరిచిన బేకరీ బోర్డు మీద అదే కనిపించింది. ఎగ్ పఫ్ కొందామని వెళ్లినదాన్ని, కొనకుండానే ఆటో ఎక్కేశాను.

దాని తీరు చెప్పాలి. ఒళ్లంతా లావు. నడుం దగ్గర కాస్త సన్నబడినట్టే ఉండి, చివరలకు వచ్చేసరికి గొడ్డలి అంచులా వెడల్పయిపోతుంది. తలకట్టు కొనలు దువ్విన మీసంలా విచ్చుకుంటాయి. పెళ్లిలో రెండు కుర్చీలు ఆక్రమించే పెద్దమనిషిలా పక్క అక్షరానికి చోటివ్వదు. నగల దుకాణానికీ, స్వీట్ల కొట్టుకీ బాగానే ఉంటుంది, ఒప్పుకుంటాను. పెద్ద సైజు, రెండు మూడు మాటలు, దూరం నుంచి చూసే కళ్లు. అంతవరకే దాని పని. చిన్నది చేస్తే ఒత్తులు ఒకదానిమీద ఒకటి పడి, సున్నాల కడుపులు పూడిపోతాయి. డిగ్రీ అయ్యాక ఫ్లెక్సీల షాపులో కంప్యూటర్ ముందు కూర్చున్నదాన్ని కాబట్టి నాకిది తెలుసు.

నాయనమ్మ సమాధి రాయికి అక్షరాలు వేయించడానికి పెదనాన్న ఆ షాపుకే వచ్చారు. కువైట్ నుంచి వచ్చేశాక ఆయన కట్టిన ఇంటి గేటు మీద ఉన్నది ఆ ఫాంటే. నాయనమ్మ మిషన్ బడిలో టీచరు. ఊళ్లో సగం మంది చేత పలక మీద అక్షరాలు దిద్దించింది. "అక్షరానికి ఊపిరాడాలమ్మా" అనేది. రాయి మీద తన పేరు ఎవరైనా చదివేలా ఉండాలని, పోయేముందు నన్ను కోరింది అదొక్కటే.

పెదనాన్న చెప్పిన వరస వేరు. పైన బైబిలు వాక్యం. దాని కింద 'కట్టించినవారు' అని చిన్నగా, ఆయన పేరు బాగా పెద్దగా. అడుగున మిగిలిన చోట్లో నాయనమ్మ.

"పెదనాన్నగారండీ, ఆ చిన్న వరసలకి మామూలు అక్షరం పెడదామండి. ఇదైతే పూడిపోద్దండి."

"ఆయ్, టీచరుగారి మనవరాలికి నోరుందర్రా" అన్నారాయన. షాపంతా నవ్వింది. రెండు నమూనాలూ తీసి చూపించాను. నాది మడిచి, దాంతో మొహం విసురుకుంటూ, "మా గేటు చూసేవా, ఎంత దర్జాగా ఉందో. అదే కొట్టు" అన్నారు.

సమాధుల పండగనాడు సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించాం. నల్లరాయి మీద ఆయన పేరు బంగారు రంగులో రోడ్డుకే కనిపిస్తోంది. అడుగున, నాయనమ్మ పేరుండాల్సిన చోట, ఏదో పసుపుపచ్చ మరక. నాయనమ్మ దగ్గర చదువుకున్న పెద్దావిడ ఒకరు కొవ్వొత్తి పట్టుకుని వంగి, వేలితో తడిమి, చివరికి చదవగలిగిన పేరు చదివారు.

"అయ్యో, ఈ బాబుగారు ఎప్పుడు పోయేరమ్మా?"

బాబుగారు ఆవిడ వెనకే నిలబడి ఉన్నారు. నవ్వడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అందరూ వెళ్లాక, ఆ కింది వరసైనా మార్పిద్దామండీ అని అడిగాను.

ఒక్క జవాబు చెప్పి, ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. వానలకు ఆ మరక అప్పుడే వెలుస్తోంది; పైనున్న పేరుకు మాత్రం ఏమీ కాలేదు. కాలం కూడా పెద్ద అక్షరాల పక్షమేనేమో. ఆయన నాతో అన్న ఆఖరి మాట ఇది:

"రాయి మార్చేది లేదు. ఉండనీ, రేపు నాకే పనికొస్తాది."