అట్టపెట్టె మీద వాయించిన తాత

ఈ గొడవంతా ఒక శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై నిమిషాలకు మొదలైంది. మస్కట్‌లో నర్సుగా చేరి అప్పటికి ఏడు నెలల నాలుగు రోజులు. ఆ కాలంలో మాకు ఉత్తరమంటే క్యాసెట్. ఇంటివాళ్లు మాట్లాడి, చెరిగిపోకుండా అంచునున్న ప్లాస్టిక్ ముక్క విరిచి పంపేవారు. మేం విన్నాక ఆ కంతకు ఆస్పత్రి ప్లాస్టర్ అంటించి, దాని మీదే జవాబు చెప్పి తిప్పి పంపేవాళ్లం. (ఒక్కోదానికి సెంటీమీటరు ప్లాస్టర్. కొలిచేదాన్ని.)

మా వార్డులో కాలు విరిగిన అమెరికా ఇంజినీరు ఒకాయన ఉండేవాడు. డ్రమ్ముల తాత అనేవాళ్లం. రాక్ అండ్ రోల్ కొత్తగా పుడుతున్నప్పుడు, ఒక్క మైకున్న చిన్న గదిలో, డ్రమ్ము మోత ఎక్కువైందని అట్టపెట్టె మీద బ్రష్షులతో వాయించాడట. రికార్డు మీద పాటగాడి పేరే వేశారు. తాతకు మిగిలింది ఆనాటి రిహార్సల్‌ను తర్వాతెప్పుడో ఎక్కించుకున్న క్యాసెట్ ఒక్కటే.

"ఇందులో ఒకచోట అతను నన్ను పేరు పెట్టి పిలుస్తాడు సిస్టర్. నేనక్కడ ఉన్నాననడానికి అదొక్కటే సాక్ష్యం. విని రేపివ్వు" అన్నాడు.

విన్నాను. తొమ్మిదో నిమిషంలో పిలిచాడు. మొదటికి తిప్పి, బల్ల మీద అమ్మ క్యాసెట్ పక్కన పెట్టాను. రెండూ ఒకే రకం, రెండింటికీ కంతలే. ఇంతలో మా గదిలోని కాకినాడ అక్క కేకలు.

"తొందరగా కానియ్యవే! ఊరెళ్లే అన్నయ్య రెండింటికి బయల్దేరిపోతాడు. ఏ పూట ఏం తిన్నావో అన్నీ మీ అమ్మకి అప్పజెప్పాలా?"

ప్లాస్టర్ అంటించి, పదకొండు నిమిషాలు అప్పజెప్పి, క్యాసెట్ అన్నయ్య చేతికిచ్చాను.

మర్నాడు తాత మీట నొక్కితే మా అమ్మ పలికింది. "ఏమ్మా, తలకి నూనె రాసుకుంటన్నావా? అందరి తప్పులూ ఎంచకే, చూసేవాళ్లకి బాగోదు."

"ఎవరిది?" అన్నాడు తాత.

"మా అమ్మండీ" అని ఏడ్చేశాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"దాని మీద మాట్లాడకుండా ఉన్నదున్నట్టు పంపు" అని అమ్మకు కాగితం మీద రాశాను. ముప్పయ్యారో రోజున క్యాసెట్ వచ్చింది, ఒక చీటీతో. "నీ మాటలయ్యాక ఎవరో బియ్యం చెరుగుతున్నారేంటే? భలే చెరిగారు. రెండుసార్లు విన్నాను."

అది ఇంగ్లీషులో చెప్తే, వేలాడదీసిన కాలు ఊగేలా నవ్వాడు. "ముప్పై ఏళ్లలో పాటగాణ్ణి వదిలి నన్ను విన్న మనిషి మీ అమ్మే" అన్నాడు. తర్వాత క్యాసెట్ పెట్టాడు. పిలుపు ఉండాల్సిన చోట నేను పప్పుచారు సంగతి చెప్తున్నాను. కాసేపటికి కళ్లు తుడుచుకుని, "నీ మాట అయిపోయి నా వాయింపు మొదలయ్యే చోట, నువ్వే పిలువు" అన్నాడు.

ఊడొచ్చిన ప్లాస్టర్ మళ్లీ అంటించాను. వార్డులో మందులిచ్చే గొంతుతోనే ఆయన పేరు పిలిచి, "కొట్టండి!" అన్నాను. తిప్పి వింటే, క్యాసెట్లో కొట్టాడు.

ఇప్పుడు మస్కట్‌లోనే, బౌషర్‌లో మా అమ్మాయి ఇంట్లో కూర్చుని, తన చేతిలో తప్పు జరగదనుకున్న ఆనాటి నర్సుపిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. పోయినవి: రెండు పాటలు పూర్తిగా, మూడోది సగం, పాటగాడి పిలుపు ఒకటి. మొత్తం పదకొండు నిమిషాలు. నా పిలుపుకు ఇంకో మూడు సెకన్లు.