నాకు పట్టింది దయ్యం కాదు

సహోదరులారా, సహోదరీలారా, ఈ పందిట్లో ఇంతమంది ముందు నన్ను నా కాళ్ల మీద నిలబెట్టిన దేవునికి మొదట స్తోత్రం చెప్పుకొని మొదలుపెడతాను. నా పేరు శాంతమ్మ. మాది హుజూరాబాద్ పక్కన పల్లె, నా భర్త యాకోబు మగ్గం నేస్తాడు, మాకు ఒక్కతే బిడ్డ, కరుణ. నాకు చదువు తక్కువ, మాట మొదలుపెడితే ఆపడం తెలియదు, మా పాస్టరు అయ్యగారు పావుగంట ఇచ్చారు గాని అది చాలుతుందన్న నమ్మకం నాకు లేదు, ఎందుకంటే దేవుడు నాకు చేసిన మేలు తలుచుకుంటే గొంతు దానంతటదే పైకి లేస్తుంది!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొన్నేళ్లకు జరిగిన సంగతి ఇది. అప్పటికి కరుణకు నాలుగేళ్లు. అందరికీ రోగం ఏడుపుతో వస్తుంది, నాకు మాత్రం సంతోషంతో వచ్చింది. ఒక పొద్దున లేచేసరికి లోకమంతా వెలిగిపోతున్నట్టు అనిపించింది, ఒంట్లో అలుపన్నది లేదు, వారం రోజులు కంటి మీద కునుకు లేకపోయినా నాకు నిద్రే అక్కర్లేదనిపించింది, వాడకట్టంతా తిరిగి ఇంటింటికీ వెళ్లి ప్రార్థన చేశాను, పాటలు పాడాను, నా మంచి చీరలు, ఇంట్లోని ఇత్తడి గిన్నెలు అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఇచ్చేశాను. మా సంఘం వాళ్లు నన్ను చూసి ఆశ్చర్యపోయారు, పరిశుద్ధాత్మ దిగి వచ్చిందన్నారు, అయ్యగారు కూడా నన్ను ముందు నిలబెట్టి సాక్ష్యం చెప్పించారు. నేనూ అదే నమ్మాను. నా భర్త ఒక్కడే మగ్గం మీద నుంచి తలెత్తి, "శాంతా, జర పండుకో, నీ కండ్లు ఎర్రగైనయి" అని రోజూ అంటుండేవాడు. నీకు విశ్వాసం లేదని నేను ఆయన మీద కేకలేసేదాన్ని.

ఒకరోజు ఎవరికీ చెప్పకుండా బిడ్డను చంకనేసుకొని జమ్మికుంటకు బయలుదేరాను. పత్తి అమ్ముకోవడానికి వేలమంది వస్తారు గదా, వాళ్లందరికీ నేనే సువార్త చెప్పాలనుకున్నాను. మార్కెట్‌లో కరుణను పత్తి నింపిన ఒక బోరెం మీద కూర్చోబెట్టి, నేను ఒక బండి ఎక్కి, గొంతు పగిలేదాకా అరిచాను. అంతలో స్టేషన్‌లో రైలు కూత వినిపించింది. అది నన్నే పిలుస్తున్నట్టు తోచింది. దిగి పరుగెత్తి బల్లార్షా వైపు పోయే రైలెక్కేశాను. గోదావరి వంతెన మీద నా చేతి వెండి కడియాలు తీసి నీళ్లలోకి విసిరేశాను. సహోదరీలారా, నేను కన్నతల్లిని, రైలు మంచిర్యాల చేరేదాకా నా బిడ్డ నాకు గుర్తుకే రాలేదు! ఈ మాట చెప్పడం నాకు ఇప్పటికీ కష్టమే, కానీ దాచిపెడితే ఈ సాక్ష్యానికి అర్థం లేదు.

మంచిర్యాలలో స్టేషన్ మాస్టరు నన్ను కూర్చోబెట్టి, నేను చెప్పిన ఊరి పేరు పట్టుకొని, బిడ్డ సంగతి కూడా చేర్చి మా ఊరికి తంతి కొట్టించాడు. జమ్మికుంటలో బోరాలు మోసే ఒక కూలితల్లి కరుణను తన ఒళ్లో పెట్టుకొని, తన జొన్న గటకలో సగం తినిపించి, సాయంత్రం దాకా అక్కడ్నుంచి కదలకుండా కూర్చున్నదట. నా భర్త మొదట బిడ్డను తీసుకొని, మర్నాడు నన్ను తీసుకొచ్చాడు. ఆ తల్లి పేరు కూడా మాకు తెలియదు. దేవునికి తెలుసు.

ఆ తర్వాత నాలోని వెలుగంతా ఒక్కసారిగా ఆరిపోయింది. నేను చేసింది నాకు తెలిసివచ్చింది. తినలేదు, స్నానం చేయలేదు, గోడవైపు తిరిగి పడుకొని బతకకూడదని మాత్రమే అనుకున్నాను. కరుణ నన్ను చూస్తే తండ్రి వెనక దాక్కునేది. నిన్నటిదాకా ఆత్మ అన్నవాళ్లే ఇప్పుడు దయ్యం అన్నారు. దయ్యాలు వెళ్లగొడతాడని పేరున్న ఒకాయన దగ్గరికి పెద్దలు నన్ను తీసుకెళ్లారు. ఆయన నన్ను గుంజకు కట్టేసి చింతబరికెతో కొట్టాడు, నీ పేరేమిటని దయ్యాన్ని అడిగాడు. నేను శాంతమ్మ అని చెబితే అబద్ధమని మళ్లీ కొట్టాడు. మూడోరోజు నా భర్త వచ్చి, నా ముంజేతుల నుంచి కారుతున్న రక్తం చూసి, తాడు కోసేసి నన్ను భుజాన వేసుకొని నడిచాడు.

దారిలో ఒక పొలం గట్టు మీద నన్ను దించి అక్కడే మోకాళ్లూనాడు. ఆ ప్రార్థన నేను విన్నాను, ఇప్పటికీ అక్షరం మరిచిపోలేదు. "ప్రభువా, నాకు తెలివి లేదు. ఎవలు ఏది చెప్తే అది చేసిన, నా పెండ్లానికి దెబ్బలు తినిపిచ్చిన. ఎవల దగ్గరికి తోలుకపోవాల్నో నువ్వే సూపెట్టు. నువ్వు సూపెట్టినోళ్ల కాళ్లు నేను మొక్కుత." అంతే ఆయన ప్రార్థన! పెద్ద మాటలేవీ లేవు. కానీ జవాబు ఎంత తొందరగా వచ్చిందో వినండి!

చేతుల పుండ్లకు మందు కట్టించడానికి ఆయన నన్ను హుజూరాబాద్ దవాఖానకు తీసుకెళ్లాడు. కట్టు కడుతున్న నర్సమ్మ ఆ తాడు గుర్తులను చూసి, నా ముఖం చూసి, నా భర్తను పక్కకు పిలిచి మొత్తం సంగతి అడిగింది. విన్న తర్వాత ఆమె అన్న మాట ఇది. "అన్నా, గిది దయ్యం గాదు. గిసొంటోళ్లను నేను శానామందిని చూసిన. కరీంనగర్ల ఒక డాక్టర్ సాబ్ ఉన్నడు, గురువారం గురువారం మనసు రోగాలే చూస్తడు. జర ఆయనకు చూపెట్టు."

కరీంనగర్! సహోదరులారా, హైదరాబాద్‌లో పెద్ద మానసిక ఆసుపత్రి ఉందని అంతకుముందు ఎవరో చెప్పారు, అంత దూరం ఎలా వెళ్లాలి, ఎవరింట్లో ఉండాలి, మగ్గం ఎవరు చూస్తారు, బిడ్డను ఎవరికి అప్పగించాలి అని మేము ఆ ఆలోచనే మానుకున్నాం. తీరా చూస్తే పొద్దున బస్సెక్కి సాయంత్రానికి ఇంటికి రాగలిగే చోట దేవుడు మాకోసం ఒక మనిషిని పెట్టి ఉంచాడు! ఆయన హైదరాబాద్‌లో అలాంటి రోగుల మధ్యనే చాలా ఏళ్లు పనిచేసి, ముసలి తల్లిని చూసుకోవడానికి సొంత ఊరికి తిరిగొచ్చిన డాక్టరు.

కానీ ఆయన ముసల్మాను. ఈ సంగతి తెలిసి మా సంఘ పెద్దలు ఒప్పుకోలేదు. మందు మింగితే విశ్వాసం పోయినట్టేనని ఒకరు, అందులోనూ వేరే మతం ఆయన చేతి మందా అని ఇంకొకరు అన్నారు. అప్పుడు అయ్యగారు లేచారు. నాది ఆత్మ అని చెప్పిందీ తానే, తర్వాత దయ్యమంటే ఊరుకున్నదీ తానే, రెండుసార్లూ పొరపడ్డానని అందరి ముందు ఒప్పుకున్నారు. తర్వాత ముక్కు మీది అద్దాలు తీసి చేతిలో పట్టుకొని, "గీ అద్దాలు లేకుంటె నాకు వాక్యం కనబడది. ఇవి చేసినాయనది ఏ మతమో నేను ఎన్నడు అడగలే. శాంతమ్మను గురువారం నేనే తోలుకపోత" అన్నారు. మా బస్సు ఛార్జీ కూడా ఆయనే పెట్టుకున్నారు. ఇటువంటి కాపరిని ఇచ్చినందుకు దేవునికే మహిమ!

బస్సులో నేను దూకేస్తానేమోనని నా చేతులను తువ్వాలుతో కట్టారు. డాక్టర్ సాబ్ గదిలోకి వెళ్లగానే ఆయన నా పేరు అడగలేదు, రోగం అడగలేదు. "ముందుగాల గా తువ్వాల ఇప్పు" అని నా భర్తతో అన్నాడు. విప్పాక కుర్చీని నాకు దగ్గరగా జరుపుకొని కూర్చున్నాడు. బయట ఎంతోమంది కాచుకొని ఉన్నా తొందరపడలేదు. ఎన్ని రోజులు నిద్రపోలేదు, ముందు సంతోషం వచ్చిందా దుఃఖం వచ్చిందా, నన్ను కన్న అవ్వకు గాని మేనమామలకు గాని ఇలా ఎప్పుడైనా అయిందా అని నా భర్తను నెమ్మదిగా అడిగాడు. నా మేనమామ ఒకాయన ఇలాగే ఇల్లు విడిచిపోయి మళ్లీ రాలేదని అప్పుడే మాకు గుర్తొచ్చింది. ఇంత సూటిగా నా సంగతి అడిగిన మనిషి అప్పటిదాకా ఒక్కరూ లేరు! దెబ్బలకు నా పేరు చెప్పడం తప్ప నెలన్నరగా పెదవి విప్పని నా నోట మొదటి మాట అక్కడే వచ్చింది.

"నా బిడ్డను ఇడిసిపెట్టి పోయిన సాబ్. నేను తల్లినేనా?"

ఆయన చెప్పాడు. "అది జబ్బు చేసిన పని బిడ్డా. ఒంటికి జ్వరమొచ్చినట్టు నీ మనసుకు జబ్బొచ్చింది. తగ్గుతది, నేను తగ్గంగ చూసిన. నువ్వు నీ దేవునికి మొక్కు, నేను నా దేవునికి మొక్కుత. మాత్ర మాత్రం మానకు."

ప్రియులారా, చేయి తగిలిన మరుక్షణం లేచి గంతులేశానని చెప్పాలని నాకూ ఆశే, కానీ అది అబద్ధమవుతుంది. మొదటి రెండు వారాలు మాత్రలతో మత్తుగా ఉండేది, నోరు ఎండిపోయేది, చేతులు వణికేవి. ప్రతి గురువారం వెళ్లాం. మాత్రలు వేసే ముందు నా భర్త నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించేవాడు, సంఘంలో ఆడవాళ్లు వంతులేసుకొని వచ్చి నా పక్కన కూర్చునేవాళ్లు. నాలుగో వారం ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని అన్నాను. అంతే! నా భర్త పళ్లెం ముందు నుంచి లేచి గోడకానుకొని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు, నాకు రుచి తెలిసిందని, నేను ఒక వంక పెట్టానని!

కరుణ మాత్రం ఇంకా నా దగ్గరికి రాలేదు. నేను పిలవలేదు. పిలిచే అర్హత నాకు లేదనుకున్నాను, దేవుణ్ణి మాత్రం రోజూ అడిగాను. వానాకాలం మొదలైన రోజుల్లో నేను గడప మీద కూర్చొని తల దువ్వుకుంటుంటే, తండ్రి వెనక నుంచి మెల్లగా వచ్చి, నా వైపు వీపు తిప్పి నా మోకాళ్ల మధ్య కూర్చుంది. "అవ్వా, జడెయ్యి" అంది. ఒక్క మాటే. జడ వంకరగా వచ్చింది, బిడ్డ ఆ వంకర జడతోనే వాడకట్టంతా తిరిగొచ్చింది. సహోదరీలారా, సముద్రం పాయలు కావడం నేను చూడలేదు గాని, ఆ జడ మూడు పాయలూ నా చేతిలో పట్టుకున్నాను!

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. రెండేళ్ల తర్వాత, బాగానే ఉన్నాను గదా అని, నా అంతట నేనే మాత్రలు మానేశాను. నాలుగు నెలలకు నిద్ర తగ్గింది, మాటలు పెరిగాయి. ఈసారి నా భర్త ఎవరినీ అడగలేదు, నేరుగా బస్సెక్కించాడు. డాక్టర్ సాబ్ కోప్పడలేదు, మాత్ర మళ్లీ మొదలుపెట్టాడు, నెలలో కుదుటపడ్డాను. ఆ దినం నుంచి నాకొక సంగతి అర్థమైంది. దేవుడు నా ప్రార్థనకు ఒక్కసారి జవాబిచ్చి ఊరుకోలేదు, ప్రతిరోజూ అన్నం తిన్న తర్వాత ఇస్తున్నాడు, నేను దాన్ని మంచినీళ్లతో మింగుతున్నాను. హల్లెలూయ!

ఇక ముగిస్తాను, అయ్యగారు నా వైపే చూస్తున్నారు. ఈ సభలో కూర్చున్నవాళ్లలో ఎవరింట్లోనైనా ఒక మనిషిని గదిలో పెట్టి తలుపు వేసి వచ్చారేమో, చుట్టాలు అడిగితే ఊరికి పోయిందని చెబుతున్నారేమో, నాకు తెలియదు, దేవునికి తెలుసు. వాళ్లను కొట్టకండి, కట్టేయకండి, సిగ్గుపడకండి. ప్రార్థన మానవద్దు, ప్రార్థించి లేచి నడవండి, ఆయన మీకోసం దగ్గర్లోనే ఎవరినో ఉంచాడని నమ్మండి. ఇప్పటికి నలుగురిని నేనే ఆ డాక్టర్ సాబ్ దగ్గరికి తీసుకెళ్లాను, ముగ్గురు పనుల్లో పడ్డారు, నాలుగో ఆమెకు ఇంకా సమయం పడుతుంది, ఆమె కోసం మీరు ప్రార్థించండి. సభ అయిపోగానే నేను ఆడవాళ్ల వైపు చివర్లో, నీళ్ల కాగుల దగ్గర ఉంటాను. అందరి ముందు చెప్పనక్కర్లేదు, నా చెవిలో చెప్పండి. ఎల్లుండి గురువారం. హుజూరాబాద్‌లో కరీంనగర్ పోయే మొదటి బస్సు దగ్గర నేను నిలబడి ఉంటాను, మీ మనిషిని తీసుకొని రండి, చేతులు కట్టకుండా తీసుకొని రండి, మీరు వచ్చేదాకా నేను బస్సెక్కను.