ప్రార్థన పేరుతో చెప్పిన మాట

ఈ బరువు చాలా ఏళ్లుగా మోస్తున్నాను. నిన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, జాలి కోసం మాత్రం కాదు.

మా పుంగనూరు చర్చిలో పాటలు ఎత్తుకునేది సుగుణ. నాకంటే చిన్నది, నన్ను అక్కా అనేది. ఆమె బిడ్డకు ఫిట్స్ వచ్చేవి. మదనపల్లె ఆసుపత్రికి తిరిగి తిరిగి విసిగిపోయి, అత్త పోరు పడలేక, చివరికి బిడ్డ మొలకు తాయెత్తు కట్టింది. మా సంఘంలో అది చిన్న తప్పు కాదు, ప్రభువు బల్లకు, అంటే ఆదివారం ఆరాధనలో పంచే రొట్టెకు, దూరం పెడతారు. ఆ సంగతి నా ఒక్కదానికే చెప్పి, నా ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది.

ఆ శుక్రవారం స్త్రీల కూడికలో ప్రార్థన అంశాలు అడిగారు. మాకు ఇదొక సౌకర్యం. కళ్లు తెరిచి చెబితే చాడీ, కళ్లు మూసుకుని చెబితే ప్రార్థన. నేను లేచి, సుగుణ తాయెత్తు కట్టిందని, ఆమె విశ్వాసం కోసం భారంగా ప్రార్థించమని అడిగాను. గొంతు కూడా వణికించాను. ఆమె కోసమేనా? కాదు. ఆ పాటలు నేను ఎత్తుకోవాలని. ఇంతకంటే పెద్ద కారణం వెతక్కండి, లేదు.

ఆదివారం రొట్టె పళ్లెం సుగుణను దాటిపోయింది. ఆరాధన అయ్యాక గేటు దగ్గర నన్ను ఆపింది.

"నీకు తప్ప ఎవురికీ సెప్పలేదు కదక్కా. యాల సెప్పినావు?"

"నీ మంచికేమ్మా. అందురూ ప్రార్థన చేస్తారని."

తర్వాత వాళ్లు కుప్పం వెళ్లిపోయారు. ఆమె ఏ చర్చికీ పోవడం లేదని విన్నాను. పాటలు నాకొచ్చాయి. ప్రార్థనాపరురాలినని పేరు కూడా వచ్చింది. ఆ రోజు చెవులు రిక్కించి విని ఆమెన్ అన్నవాళ్లనూ ఈ తప్పులోంచి నేను వదలను.

దేవుడు క్షమిస్తాడు, తెలుసు. ఆ వాక్యం ఎంతమందికి చదివి వినిపించానో. కానీ సుగుణకు తెలియకుండా ఆయనా నేనూ గుట్టుగా తేల్చుకుంటే సరిపోతుందా? ఆమె వెనక చాడీ చెప్పింది చాలక, క్షమాపణ కూడా ఆమె వెనకే తీసుకోవాలా? తీసుకోను. కుప్పం బస్సు ఎక్కుతాను. నా మొహం మీదే తలుపు వేస్తుందేమో. వేయనీ.

నిన్న రొట్టె పళ్లెం నా దగ్గరికి వచ్చింది. ముట్టుకోకుండా పక్కామెకు అందించాను. ఎందుకన్నట్టు చూసింది. సుగుణ సంగతి నేను కావాలనే బయట పెట్టానని చెప్పేశాను. ఆమె నా చెయ్యి నొక్కింది.

"మెల్లిగా అక్కా. శుక్రవారం నీ కోసం ప్రార్థనలో పెడతాం లే."

"పెట్టు. నా పేరు సెప్పి మరీ పెట్టు," అన్నాను, అందరికీ వినబడేలా.