దేవరుప్పులలో దాచిన పాటల డిస్కు

జనగామలో మా ఇల్లు తగలబడినా పాటలు మిగలాలని, ఊరూరా తిరిగి నేను రికార్డు చేసిన వేల పాటలను ఇంకో హార్డ్ డిస్కులోకి ఎక్కించి దేవరుప్పులలో మా అక్క ఇంట్లో ఉంచాను. నిప్పు, పిడుగు, దొంగ, అన్నీ ఆలోచించాను. అన్నదమ్ముల సంగతే ఆలోచించలేదు.

ఈ రోజు కొత్త పాటలు ఎక్కిద్దామని వెళ్లేసరికి మా బావకూ ఆయన తమ్ముడు మల్లేశానికీ బోరు మోటారు వంతు గురించి ఇంట్లోనే గొడవ. స్టార్టర్ ఫ్యూజులు పీకేశాడని బావ తమ్ముడి చెంప పగలగొట్టాడు. మల్లేశం గూట్లో చేతికందింది తీసి విసిరాడు. అది నా డిస్కు. బావ నుదురు చీలి చొక్కా నిండా నెత్తురైంది. అందరూ బావ వైపు ఉరికితే నేను డిస్కు వైపు ఉరికాను.

"మీ బావ తల పగిలితె నువ్వు గా డబ్బ వట్టుకున్నవేందిరా," అంది అక్క.

దవాఖానలో కుట్లు వేస్తుంటే బావ నన్నడిగాడు. "అండ్ల మా నాయిన భజన పాటలున్నయి గద. పోలే గద?"

"పోలే బావ. ఇంటికాడ ఇంకోటి ఉన్నది."

పోయిన నాయిన గొంతుతోనే తమ్ముడు అన్నను కొట్టాడని అప్పుడు తట్టింది నాకు. మూలన వాచిన చెంపతో కూర్చున్న మల్లేశం అప్పుడు నోరు తెరిచాడు.

"ఇగ దాన్ని మా ఇంట్ల పెట్టకు బావ. మా ఇంట్ల కొట్లాటలెక్కువ."

మీలో అన్నదమ్ములు లేని ఇల్లు ఎవరిదైనా ఉంటే చెప్పండి. ఒక డిస్కు పెట్టాలి.