మాటకు మనిషిని తోడిచ్చే సారు

మా ఇంగ్లీషు సారు పోయారు. ఆదివారం పొద్దున నేను బట్టలు నానబెడుతుంటే సారు భార్య ఫోన్ చేసింది. ఆమెను మేమంతా అమ్మా అనే పిలుస్తాం. “మీ సారు పోయినాడమ్మా” అంది. షుగరు ముదిరి కొన్నాళ్లుగా ఆస్పత్రిలోనే ఉన్నారు. సాయంత్రానికి ఎత్తేస్తారని చెప్పి, అడిగింది.

“మీ తమ్మునికి నువ్వు చెప్తావా, నేను చెప్పాల్నా?”

అంత దుఃఖంలోనూ ఆమె మా తమ్ముణ్ణి ఎందుకు తలచుకుందో నాకు తెలుసు. మీకు తెలియాలంటే సారు గురించి మొదటినుంచి చెప్పాలి.

అనంతపురం పాతవూర్లో ఒక మిద్దె మీద రేకుల షెడ్డు. బ్యాంకు పరీక్షలకూ రైల్వే పరీక్షలకూ తయారయ్యేవాళ్లకు సారు అక్కడ ఇంగ్లీషు చెప్పేవారు. ఆయనది తనకల్లు దిక్కు. మాలో చాలామందిమి పల్లెల్లో తెలుగు మీడియం చదివినవాళ్లం. లెక్కలు బాగానే చేసేవాళ్లం, ఇంగ్లీషు దగ్గరే ఆగిపోయేవాళ్లం. నేను గైడు కొనుక్కుని అందులోని మాటలు వరసగా బట్టీ పట్టేదాన్ని. ‘సి’ అక్షరానికి వచ్చేసరికి ‘ఎ’ లో మాటలన్నీ మరిచిపోయేదాన్ని. సారు ఒకరోజు నా గైడు తీసుకుని మూసేశారు.

“దీంట్లో మాటలన్నీ ఒంటరిగా ఉండాయమ్మా. ఒంటరి మాట నిలబడదు. ఒక్కోదానికి నీకు తెలిసిన మనిషిని తోడియ్యి.”

అట్లా ‘స్టబ్బర్న్’ అంటే పట్టిన పట్టు విడవని మా అవ్వ అయింది. ‘ఫ్రూగల్’ అంటే తలకు రాసుకోగా అరచేతిలో మిగిలిన నూనెను కాళ్లకు పూసుకునే మా అమ్మ. ‘రెటిసెంట్’ అంటే మా నాయన. మనసులో ఎంత ఉన్నా నోటికి రానివ్వడు. ఈ మాటలు ఈ రోజుకీ నేను మరిచిపోలేదు. మరిచిపోవాలంటే ముందు ఆ మనుషుల్ని మరిచిపోవాలి.

తప్పు చెప్పినా సారు తప్పు అనేవారు కాదు, “దగ్గరికి వచ్చినావు” అనేవారు. చొక్కా జేబులో సుద్దముక్కలు వేసుకునే అలవాటు. జేబు ఎప్పుడూ తెల్లగా ఉండేది. తినకుండా వచ్చామని మా ముఖాలు చూసి కనిపెట్టి, బొరుగుల ఉగ్గాని పొట్లం ముందుకు తోసి, తిన్నాకే పాఠం మొదలుపెట్టేవారు. ఒకసారి ‘రేర్’ కీ ‘స్కేర్స్’ కీ తేడా అడిగారు. అరుదుగా దొరికేది రేర్, కావలసినంత లేనిది స్కేర్స్ అని ఎవరో చెప్పారు.

“సరే. మనకు వాన రేరా, స్కేర్సా?”

“మనకు రెండూ సార్” అన్నాడు వెనక బెంచీ అబ్బాయి. అందరం నవ్వాం. సారు కూడా నవ్వి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

బ్యాంకు పరీక్ష నాకు రెండోసారి కూడా పోయింది. ఇంగ్లీషులోనే, కొద్దిలో పోయింది. ఆ ఏడు మాకు వాన లేదు. మాది కుందుర్పి దగ్గర పల్లె. వేరుశనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టే సమయానికి చేను మాడిపోయింది. నాయన బెంగళూరులో బిల్డింగు పనికి పోదామన్నాడు. ఇద్దరు వస్తేనే ఉండటానికి షెడ్డు ఇస్తానని మేస్త్రీ చెప్పాడట. అమ్మ అవ్వను, పశువుల్ని చూసుకోవాలి. అందుకని నేను రావాలన్నాడు. ఇక క్లాసుకు రానని సారుకు ఫోన్లో చెప్పాను. ఆయన సరేనన్నారు. మరుసటి రోజు మొదటి బస్సుకు మా ఊరు వచ్చేశారు.

అప్పుడు మేము చేన్లో ఎండిన వేరుశనగ చెట్లు పీకుతున్నాం, పశువులకు మేతకైనా వస్తాయని. సారు పలకరించి, ప్యాంటు మడిచి, మా పక్క సాలులో కూర్చుని తానూ పీకడం మొదలుపెట్టారు. నాయన చాలాసేపు చూసి, ఇక ఉండబట్టలేక అడిగాడు.

“ఏం సారూ, ఇంత దూరం వచ్చినారు?”

“పాప చదువు మాన్తాండాదంట గదన్నా.”

“మాన్పక ఏం చేయమంటారు. చేను చూస్తాండారు గదా.”

“చూస్తాండా.”

“ఆ ఇంగ్లీషు మాటలు వస్తే నౌకరి వచ్చేస్తాదా? వస్తాదని మీరు చెప్పండి, ఇప్పుడే ఇడిచిపెడ్తా.”

సారు చేతిలో చెట్టు కింద పెట్టారు. వస్తుందని ఆయన ఒక్క మాట అంటే బాగుండునని నేను తల దించుకుని కూర్చున్నాను.

“వస్తాదని చెప్పలేనన్నా. అబద్ధం చెప్పి పిల్లను తీస్కపోను. అయితే దగ్గరికి వచ్చింది. ఒక్క ఏడాది ఇయ్యి.”

నాయన మళ్లీ చెట్లు పీకసాగాడు. సాయంత్రం సారును బస్సెక్కించేటప్పుడు మాత్రం, “ఒక్క ఏడాదే సారూ” అన్నాడు.

బెంగళూరుకు నాయనతో వెళ్లే రెండో మనిషి ఎవరని ఆ రోజు ఎవరమూ అడగలేదు. తమ్ముడు అప్పుడు ఇంటరు రెండో సంవత్సరం. వారం తిరక్కముందే వాడు పుస్తకాలు అటక మీద పెట్టి నాయన వెంట పోయాడు.

పరీక్షకు కొద్ది రోజుల ముందు తమ్ముడు పని చేస్తున్న చోట కట్టెల పరంజా విరిగింది. వాడు పైనుంచి కింద పడ్డాడు. తొడ ఎముక విరిగింది. అది సరిగ్గా అతుక్కోక ఆ కాలు పొట్టిదైంది. పరీక్ష రాయనని నేనంటే వాడే ఆస్పత్రి మంచం మీదినుంచి తిట్టి పంపాడు. రాశాను. ఉద్యోగం వచ్చింది.

స్వీటు డబ్బా తీసుకుని సారు దగ్గరికి వెళ్లాను. ఒక ముక్క తీసుకున్నారు గానీ నోట్లో పెట్టుకోలేదు.

“తమ్ముడు నడుస్తాండాడా?” అన్నారు.

ఆ తర్వాత నేను ఎప్పుడు కలిసినా ముందు అదే ప్రశ్న. నా ఉద్యోగం గురించి ఆ తర్వాతే.

అప్పటినుంచి సారు ఏ విద్యార్థి ఇంటికీ వెళ్లలేదు. ఉరవకొండ అమ్మాయి ఒకామె ఇంట్లో చదువు మాన్పిస్తుంటే, మీరొచ్చి ఒక మాట చెప్పండని పిల్లలు బతిమాలారు. ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. “నేను పోను. నేను పోయి ఒకరిని లేపితే ఆ బరువు ఇంకెవురో మోయాల. ఆ ఎవురో నాకు ఆడ కనపడరు” అన్నారు. ఆ అమ్మాయి మళ్లీ క్లాసుకు రాలేదు. సారు చేసింది సరైందా అని నేను చాలాసార్లు ఆలోచించాను. ఇప్పటికీ తేలలేదు.

అదే రోజు క్లాసులో ఎవరో ‘రిగ్రెట్’ కీ ‘రిమోర్స్’ కీ తేడా అడిగారు. ప్రతి మాటకూ ఒక మనిషిని తోడిచ్చే సారు ఆ రెంటికీ ఎవరినీ ఇవ్వలేదు. ఒకటి జరిగినదానికి బాధ, ఇంకొకటి నేను చేసినదానికి బాధ అని గైడులో ఉన్నట్టే చెప్పి, బోర్డు తుడిచేశారు.

ఇదంతా నేను చెప్తే విని తమ్ముడు ఊరుకోలేదు. వాడిప్పుడు కళ్యాణదుర్గంలో సెల్‌ఫోన్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. సామాన్లకు అనంతపురం వచ్చినప్పుడు నేరుగా సారు ఇంటికి వెళ్లాడు. నేనూ వెంట ఉన్నాను.

“సార్, నన్ను మీరు పంపలేదు. నేనే పోయినా. నాయన ఒక్కడే పోతాంటే చూస్తా కూర్చుంటానా?”

“నువ్వు అట్లే అంటావని తెలుసప్పా. నువ్వు ఒక్క మాట తిట్టినా నాకు కొంచెం తేలికైతాండె.”

సారు భార్య టీ తెచ్చింది. ఇద్దరూ తాగారు. తర్వాత వాడు ఫోన్ తీసి, అందులో వచ్చే ఏదో ఇంగ్లీషు మాటకు అర్థం అడిగాడు. సారు కళ్లజోడు పెట్టుకున్నారు. అప్పటినుంచి వాడు టౌనుకు వచ్చినప్పుడల్లా సారు ఇంటికి వెళ్లేవాడు. ఇద్దరూ ఫోన్లోని మాటలు ఒక్కొక్కటే చదివేవాళ్లు. సారు మనసు కొంతైనా కుదుటపడిందనుకున్నాను. ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు మాట సరిగ్గా రాకపోయినా మళ్లీ అడిగారు, “తమ్ముడు నడుస్తాండాడా?”

బ్యాంకులో కౌంటరు దగ్గర కూర్చుని పనిచేసుకుంటున్నప్పుడు ఒక్కోసారి చేయి ఆగిపోతుంది. సారు ఆ రోజు మా చేనుకు రాకపోయి ఉంటే నేనిక్కడ ఉండేదాన్ని కాదు. తమ్ముడి కాలు బాగుండేది. ఈ రెంటిలో ఒకదాన్ని మాత్రమే తలచుకోవడం నాకు చేతకాదు. సారుకూ చేతకాలేదు. ఆయన మీద నా కృతజ్ఞత అట్లాంటిదే. అది ఏనాడూ మనసును స్థిమితంగా ఉండనివ్వలేదు.

ఆదివారం తమ్ముడు మధ్యాహ్నానికే వచ్చేశాడు. సారుకు పిల్లలు లేరు. సారు భార్య అన్న కొడుకు నిప్పు పట్టుకున్నాడు. పాడె ఎత్తే వేళకు తమ్ముడు ముందుకొచ్చి భుజం పెట్టాడు.

“నీకెందుకులేప్పా, కాలు బాగలేదు. ఇంకెవురన్నా పడ్తారు” అన్నాడు ఒక పెద్దాయన.

తమ్ముడు పక్కకు జరగలేదు. లేపారు. మొదటి కొన్ని అడుగులు పాడె వాడి వైపుకు ఒరిగింది. నేను సారు భార్య చేయి గట్టిగా పట్టుకున్నాను. ఎవరూ ఏమీ చెప్పలేదు గానీ, తక్కిన ముగ్గురూ అడుగు తగ్గించారు. వాడు వంగినప్పుడల్లా వాళ్లూ కొంచెం వంగుతూ, వాడు లేచినప్పుడల్లా లేస్తూ, వీధి మలుపు దాకా అట్లాగే నడిచారు.